మేనా కోసి కట్టిన కూపే

సోమలింగం రంపం మేనా పక్కపలకలో సగందాకా దిగింది. ఎడమ మోకాలితో పలకను అదిమిపెట్టి, కుడిచేత్తో రంపాన్ని బారుగా లాగుతున్నాడు. జిట్రేగి కర్ర పొట్టు ముదురు ఊదారంగులో అతని పాదాల మీద రాలుతోంది. పలకంతా మల్లెతీగ చెక్కి ఉంది. రంపం ఆ తీగను అడ్డంగా తింటూ పోతోంది.

"దీన్ని చేసినవాడెవడో గానీ చెయ్యి తిరిగినవాడే," అన్నాడు పెళ్ళాంతో. "ఎక్కడా ఒక్క మేకు లేదు. కర్ర కొసను కుసిగా చెక్కి బెజ్జంలో దించి, వెదురు చీలతో బిగించాడు. ఊడదీయడానికి తల ప్రాణం తోకకొచ్చింది."

లోవలక్ష్మి కొలిమి దగ్గర తిత్తికి కుట్లు వేస్తోంది. "అంత బాగుంటే కోయడమెందుకు?" అంది తలెత్తకుండా.

"కోయమన్నారు, కోస్తున్నాను. వస్తువు వారిది, రంపం నాది."

ఆ 'వారు' బంగార్రాజుగారు. ఆ ఊళ్ళో సగం మాగాణి ఆయనదే. కాలువ వచ్చిన కొత్తలో ఆయన తండ్రి ఎండలో నిలబడి గట్లు వేయించి, బోదెలు తవ్వించి, ఆ అలుపుతోనే పోయాడు. కొడుకు ఆ పొలాల మీద పండిన గింజలు తిని మీసం పెంచాడు. ఊళ్ళో ఆయన పెంచినదంటూ ఏదైనా ఉంటే ఆ మీసమే. దాన్ని దువ్వడానికి ఒక మనిషి, దానికి నెయ్యి రాయడానికి ఇంకొక మనిషి. మధ్యాహ్నం దాకా ఆ పని అయ్యాక, సాయంత్రం దాకా ఏం చేయాలో ఆయనకు తోచేది కాదు.

తోచక కాకినాడ వెళ్ళాడు. అక్కడ రేవులో ఎవరో దొర దిగి ఒక బండి ఎక్కడం చూశాడు. నల్లగా నిగనిగలాడే పెట్టె, నాలుగు చక్రాలు, ఒంటి గుర్రం. దాన్ని కూపే అంటారట. చూసి వచ్చినవాడు ఊరుకోక, మద్రాసు బండ్ల కంపెనీవాడు అచ్చువేసిన బొమ్మ ఒకటి తెప్పించాడు. దొర ఒకడు వదిలేసి పోయిన గుర్రాన్ని కొన్నాడు. ఆ తరువాత పాలకొల్లు వెళ్ళి, అక్కడి బియ్యం వర్తకుడు చంద్రరావుతో పందెం కట్టాడు. చంద్రరావుకి ఒక జట్కా, దానికి మంచి పరుగున్న గుర్రం ఉన్నాయి. ఈ ఊరి లాకుల దగ్గర బయలుదేరి కాలువ గట్టు మీదుగా పాలకొల్లు ముందు ఎవరు చేరితే వారు గెలిచినట్టు. ఓడినవాడు మీసం తీసేయాలి.

కూపే చేసే పని సోమలింగానికి వచ్చింది.

ఈ సోమలింగం లక్కోజు వారి బిడ్డ. గోదావరికి ఆనకట్ట కట్టిన ఏడాది పుట్టానని చెప్పుకునేవాడు. తండ్రి నాగళ్ళు చెక్కేవాడు, అంతకు మించి రాదు. చక్రం కట్టడం కొడుక్కి ఎవరూ నేర్పలేదు. లాకుల దగ్గర విరిగి పడి ఉన్న సర్కారు బండి చక్రాన్ని ఇంటికి దొర్లించుకొచ్చి, విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ విప్పి నేర్చుకున్నాడు. కమ్మరిపని కూడా అలాగే కాల్చుకుని, కమిలి నేర్చుకున్నదే. పెళ్ళయ్యాక తిత్తి లోవలక్ష్మి చేతికి వచ్చింది. నిప్పు ఎప్పుడు ఎంత మండాలో ఆమెకు చెప్పాల్సిన పని లేకపోయింది. చుట్టుపక్కల ఊళ్ళలో అతని చక్రం విరిగిందన్న మాట లేదు. ఆ సంగతి అడిగినవాళ్ళకీ చెప్పేవాడు, అడగనివాళ్ళకీ చెప్పేవాడు. నోరు మంచిది కాదని పేరు. రాజమహేంద్రవరంలో రైలు వంతెన పని మొదలైనప్పుడు మేస్త్రీ వచ్చి పిలిస్తే, "మీ వంతెనకి చక్రాలుంటే చెప్పండి, వస్తాను" అని పంపేశాడు.

బంగార్రాజు బొమ్మ పట్టుకుని వచ్చిన రోజున ఆ నోటికి మంచి మేత దొరికింది.

"చూడవోయ్ సోమలింగం," అన్నాడు రాజుగారు బొమ్మ విప్పి. "లోపల ఇద్దరికే చోటు. అదీ దీని గొప్ప."

"మా ఇంటి నులకమంచం మీద కూడా ఇద్దరికే చోటండి. అది గొప్పదని ఇన్నాళ్ళూ మాకు తెలీలేదండి."

లోవలక్ష్మి తిత్తి వెనక మొహం దాచుకుంది.

"వాగకు. ముందు భాగం చూడు, ఎలా వాలిందో. గాలి తగిలి అటూ ఇటూ జారిపోతుంది. గుర్రానికి బరువే తెలీదు."

"మరి ఆ గాలి ముందు గుర్రానికి తగులుతుంది కదండి. దాన్ని కూడా వాలుగా చెక్కమంటారా?"

బంగార్రాజు వినిపించుకోలేదు. వేలు బొమ్మ వెనక భాగానికి జరిగింది. అక్కడ పలకలాంటిది ఒకటి పైకి లేచి ఉంది. నౌకరు నిలబడే మెట్టో, సామాను కట్టే కమ్మీయో, బొమ్మలో సరిగా తెలియదు. "ఇది తోక. దీన్ని చిలకతోకలా చెక్కాలి. ఇదుంటే వేగం పెరుగుతుంది."

"తోకుంటే వేగమాండి? ఎద్దుకీ ఉందండి తోక. అది ఈగల్ని తోలుకుంటుంది."

"నీకు తెలీదు."

"ఆయ్, నాకేం తెలుస్తుందండి. చెక్కుతాను. చిలక మొహం కూడా కావాలా, తోక చాలా?"

తోక చాలన్నాడు రాజుగారు. ఇంకా ఏమేం కావాలో వరసపెట్టి చెప్పాడు. పక్కలకు ఇత్తడి దీపాలు. పగటి పందెమే అయినా దీపాలుండాలి. తలుపు పిడి ఏనుగుదంతంతో. లోపల ఎర్ర ముఖమల్ పరుపు. మడిచే మెట్టు. అడుగున ఉక్కు కమానులు, కూర్చున్నవాళ్ళకి గోతులు తెలియకుండా. దారి తెలియనివాడికి బండి దేనికని సోమలింగం మనసులో అనుకున్నాడు. అన్నిటికీ తల ఊపి, కిటికీల దగ్గర ఆగాడు.

"నాలుగు పక్కలా అద్దాలంటున్నారు. తమరింట్లో ఆడవారు ఘోషా కదండి. అమ్మగారు కూర్చుంటే ఊరందరికీ కనిపిస్తారు."

"లోపల మందపాటి పరదాలు వేద్దాం. కుట్టించేస్తే కదలవు."

"అయితే అద్దాలెందుకండి?"

"కూపేకి అద్దాలుంటాయోయ్," అన్నాడు బంగార్రాజు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు.

ఓడమీద వచ్చిన అద్దాన్ని గడ్డిలో చుట్టి కాకినాడ నుంచి తెప్పించి, అది కనపడకుండా గుడ్డ కప్పాలన్నమాట. సోమలింగం తలుపులకి మంచి కర్ర కావాలన్నాడు. మర్నాడు రాజుగారింట్లో మూల పడి ఉన్న మేనా వచ్చింది. కోసి వాడుకోమన్నారు. బోయీలు భుజాన మోసే దండె మాత్రం పొడుగ్గా ఉంది, దేనికీ పనికిరాదని బంగార్రాజు అక్కడే పడేయించాడు. సోమలింగం దాన్ని పాక దూలాల మీద పెట్టాడు. చక్కటి కర్రను నేలమీద పడేయడం అతనికి చేతకాదు.

చైత్రం వెళ్ళేసరికి కాలువ కట్టేశారు. ఏటా మరమ్మతులకి అలా కట్టేస్తారు. నీళ్ళు తీసేసరికి పడవలన్నీ బురదలో కూర్చుండిపోయాయి. లాకుల కింద మడుగులో మాత్రం మోకాలిలోతు నీళ్ళు మిగిలాయి. చక్రాలకు పట్టా వేయడానికి సోమలింగం ఆ మడుగు పక్కనే పిడకలు పేర్చి మంట పెట్టాడు.

ఇనుప పట్టా ఎర్రగా కాలి, సాగింది. సోమలింగం ఒకవైపు, లోవలక్ష్మి ఒకవైపు పట్టకార్లతో ఎత్తి చక్రం మీద దించారు. కర్ర భగ్గుమంది. సుత్తితో చుట్టూ కొట్టి, కాలిపోకముందే చక్రాన్ని మడుగులోకి దొర్లించారు. నీళ్ళు కుతకుతమన్నాయి. ఇనుము బిగుసుకుంటుంటే చక్రంలోని ఆకులన్నీ కిర్రుమని నడిమి కుండలోకి కూర్చున్నాయి. ఆ కిర్రు వింటే సోమలింగానికి ఆ రోజు అన్నం సయిస్తుంది.

ఆ ఆవిరిలోంచే చిట్టెమ్మ వచ్చింది. రాజుగారి ఇంట్లో దాసీ, రాజుగారి భార్య మాణిక్యాంబగారితో పాటు పుట్టింటినుంచి అరణంగా వచ్చిన మనిషి.

"లోవలక్ష్మొదినా, మేనా అయిందా? అమ్మగారు అడిగి రమ్మన్నారు."

"ఏం మేనా?"

"మా మేనాయే. బాగుచేయడానికి మీ ఇంటికి పంపానని రాజుగారు చెప్పారంట. ఏడో నెల వెళ్ళకముందే అమ్మగారు పాలకొల్లు పుట్టింటికి చేరాలి. ఎనిమిదో నెల వస్తే పొలిమేర దాటనివ్వరు కదా. పాలకొల్లునుంచి బోయీలు పైవారం వస్తారు."

సోమలింగం పట్టకారు కింద పెట్టాడు.

చిట్టెమ్మ చెప్పుకుపోయింది. అమ్మగారికి ఇంతకుముందు రెండు కడుపులు నిలవలేదు. రెండోసారి ఎడ్లబండిలో నోముకి వెళ్ళి వస్తుంటే గట్టుమీద గోతిలో కుదుపుకే పోయిందట. పాలకొల్లులో జ్ఞానమ్మ అనే మంత్రసాని ఉంది, మిషను దొరసాని దగ్గర పని నేర్చిన మనిషి. ఇక్కడినుంచి కదపకుండా తీసుకొస్తే మిగతాది నేను చూసుకుంటానని కబురుపెట్టింది. పడవలో వెళ్దామంటే కాలువ కట్టేశారు. ఇక మేనాయే దిక్కు.

లోవలక్ష్మి చిట్టెమ్మను పాకలోకి తీసుకెళ్ళి కూపే తలుపు చూపించింది. వార్నీషు కింద మల్లెతీగ సగం తెగి, రెండో పలకమీద తలకిందులుగా అతికి ఉంది. చిట్టెమ్మ ఆ తీగను వేలితో తడిమి చూసింది.

"ఇది అమ్మగారి తండ్రిగారు పెళ్ళిలో పెట్టింది," అంది.

"ఇంకొకరి మేనా అడిగితే?" అన్నాడు సోమలింగం.

"అడగనిస్తారా? ఇంకొకరి మేనా ఎక్కితే రాజుగారి మీసం ఏమైపోవాలి?"

"పోనీ మంచానికి బొంగు కట్టి డోలీ చేసి ఇస్తాను."

"ఘోషా మనిషిని డోలీలో వీధిన వేసి మోస్తారా అన్నయ్యా? రోగిష్టిదాన్ని మోసినట్టు? ఆవిడ ఇంట్లోనే చస్తానంటుంది గానీ ఎక్కదు." చిట్టెమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "రాజుగారు నిన్న ఏమన్నారో ఇప్పుడర్థమైంది. మేనా దేనికి, నా కూపే ఉందిగా, పందెం రోజున అందులోనే తీసుకెళ్తా, ఝాముకల్లా పాలకొల్లులో ఉంటావు అన్నారు. వేళాకోళమనుకున్నాం."

ఆమె వెళ్ళాక సోమలింగం తలుపు ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"వస్తువు వారిదన్నావు," అంది లోవలక్ష్మి. "వారిది కాదు. ఆవిడది."

"నాకేం తెలుసు?"

"అడిగావా? దొర బండి తోకమీద వంద మాటలాడావు. ఈ మేనా ఎవరిది, కోస్తే వాళ్ళేమెక్కుతారు అని ఒక్కమాట అడిగావా? నోరు చక్కగా నడిచింది, చెయ్యీ చక్కగా నడిచింది."

సోమలింగం దూలాల వైపు చూశాడు. దండె అక్కడే ఉంది.

మర్నాటినుంచి పనితీరు మారింది. కూపే పెట్టెను కింది చట్రానికి మరమేకులతో ఎప్పటికీ ఊడకుండా బిగించాలని ముందు అనుకున్నాడు. ఇప్పుడు ఆ బెజ్జాలన్నీ పూడ్చేసి, నాలుగు మూలలా నాలుగు ఇనుప సీలలు పెట్టాడు. సుత్తితో తడితే సీల బయటికొస్తుంది, పెట్టె లేస్తుంది. తరువాత పెట్టె అడుగునుంచి పక్కలమీదుగా కప్పుదాకా రెండు ఇనుప పట్టీలు చుట్టి, పైన రెండు కడియాలు వేశాడు. బరువంతా పట్టీలు మోస్తాయి, కప్పుమీద పడదు. లోవలక్ష్మి నిప్పు పెంచింది, తగ్గించింది, ఇద్దరూ మాట్లాడుకోలేదు. దండెను తెచ్చి కడియాల్లో దూరిస్తే, అది అక్కడే పుట్టినట్టు కూర్చుంది.

కిటికీల దగ్గర మాత్రం రాజుగారి మాట కొంచెం మార్చాడు. పరదాలు కుట్టించి పంపితే వాటిని తిప్పి పంపేసి, అద్దాల వెనక సన్నటి వెదురుపుల్లల తెరలు, చిక్కులంటారే అవి, వేశాడు. లోపలివాళ్ళకి బయట కనిపిస్తుంది. బయటివాళ్ళకి వెదురే కనిపిస్తుంది.

ఇక బంగార్రాజు సంగతి చూడాలి. పెట్టె ఇవ్వనంటే ఆయన ఒప్పుకోడు. అమ్మగారి కష్టం చెబితే, కూపే ఎక్కితే తీరుతుందంటాడు. సోమలింగం పైకి ఏమీ చెప్పలేదు. బండి పరుగు చూడటానికి ఆయన గుర్రంతో వచ్చిన రోజున, చక్రాలమీద చట్రమే ఉంది. దానిమీద తోలేవాడి పీట, వెనక చిలకతోక.

"పెట్టేదోయ్?"

"వార్నీషు ఆరుతోందండి. ఇప్పుడెక్కిస్తే దుమ్ము అంటుకుంటుంది. తమరు చక్రాలు చూడండి."

బంగార్రాజు పీటెక్కి కళ్ళెం లాగాడు. గుర్రానికి వెనక బరువు లేదు. గట్టుమీద పట్టిన పరుగు పట్టినట్టే పోయింది. బరువు మోయాల్సిన కమానులకి మోయడానికేమీ లేక, గోయి వచ్చినప్పుడల్లా రాజుగారిని గాల్లోకి ఎగరేసి, కింద పడ్డాక మళ్ళీ ఎగరేశాయి. తలపాగా బోదెలో పడింది. మీసం ఒకవైపు పైకి, ఒకవైపు కిందికి తిరిగింది. లాకులదాకా వెళ్ళి వచ్చి, దిగి, నడుం పట్టుకుని నిలబడ్డాడు. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"చూశావా వేగం? గాల్లో తేలినట్టుందోయ్."

"తేలడం చూశానండి."

"తోక పనిచేసింది."

"ఆయ్, అదేనండి."

"పెట్టె వేస్తే ఇంత పరుగుంటుందా?"

"ఎలా ఉంటుందండి? అద్దాలు, తలుపులు, లోపల ఇద్దరు మనుషులు. చంద్రరావుగారి జట్కాలో ఆయనొక్కడే కూర్చుంటాడనుకుంటానండి."

బంగార్రాజు మీసం మెలేస్తూ ఆలోచించాడు. ఆయన ఆలోచించడం చూడాలంటే ఓపిక కావాలి. సోమలింగం సుత్తి పిడికి నూనె రాస్తూ నిలబడ్డాడు.

"నాకొకటి తోచింది," అన్నాడు చివరికి. "పెట్టె తీసేద్దాం. ఇలాగే పరిగెత్తిస్తా. మద్రాసువాడికి కూడా తట్టని సంగతిది."

"తమకి తట్టిందండి. మరి పెట్టె?"

"దాంతో నాకేం పని? ఆడవాళ్ళు మేనా మేనా అని ప్రాణం తీస్తున్నారు. దాన్నే ఏదో చేసి వాళ్ళ మొహాన పారేయ్."

"చిత్తమండి," అన్నాడు సోమలింగం.

పెట్టెను రాజుగారి ఇంటికి పంపేముందు ఒకసారి మోయించి చూశాడు. బోయీలు దండెను భుజాలకెత్తుకున్నారు. లోపల లోవలక్ష్మి ఒళ్ళో చెంబునిండా నీళ్ళు పెట్టుకుని కూర్చుంది. గోతులున్న చోటే ఎంచి మరీ నడిపించాడు. దిగాక చెంబు చూపించింది. అంచు తడిసింది గానీ ఒక్క చుక్క కూడా కిందపడలేదు.

"ముఖమల్ బాగుంది," అంది ఆమె. చాలారోజులకు అతనితో మామూలుగా మాట్లాడిన మాట అది.

ఏడో నెల వెళ్ళకముందే, తెల్లవారి చల్లదనంలో రాజుగారి వాకిట్లో పెట్టె దించారు. బంగార్రాజు లేడు. ఆ ఎగిరిపడ్డ రోజునుంచి నడుంనొప్పితో ఆముదం రాయించుకుంటూ, పందెం ఏ రోజో చెప్పమని చంద్రరావుకి కబురుపెట్టి కూర్చున్నాడు.

చిట్టెమ్మ, ఇంకొక దాసీ దుప్పట్లు అడ్డం పట్టారు. సోమలింగం వెనుదిరిగి నిలబడ్డాడు. గాజుల చప్పుడు, మెట్టు మడత విప్పిన చప్పుడు, పరుపు కుంగిన చప్పుడు వినపడ్డాయి. తలుపు మూసేముందు లోపలినుంచి నెమ్మదిగా మాట వచ్చింది.

"సోమలింగం, ఇది మా నాన్నగారి కర్రే కదూ?"

"తమదేనండి."

"తీగ తలకిందులైంది."

"కోసింది నేనేనండి. అడగకుండా కోశాను."

లోపల ఆమె కిటికీవైపు జరిగిన చప్పుడైంది. తరువాత, "చిట్టెమ్మా, ఈ చిక్కులోంచి కాలువ కనిపిస్తోందే," అని వినిపించింది. "నీళ్ళు లేకపోతే ఇంత లోతుంటుందా?"

చిట్టెమ్మ రెండో పక్కన ఎక్కి కూర్చుంది. సోమలింగం తలుపు వేసి, ఏనుగుదంతపు పిడి తిప్పి, ఒకసారి లాగి చూశాడు. కడియాలు తట్టాడు. దండె చివర బోయీల పెద్ద భుజంమీద గుడ్డ సర్దుకుంటుంటే, అతని దగ్గరికి వెళ్ళి పట్టీలు ఎక్కడ పట్టుకోవాలో, దించేటప్పుడు ఏ మూల ముందు నేలకి తగలాలో చేత్తో చూపించాడు.

"ఇక నీదే," అన్నాడు.

బోయీలు ఒక్క ఊపులో పైకెత్తి, గట్టుదారి పట్టారు.